మీడియా కంప్యూటర్ పెట్టెలో సబ్‌వూఫర్: కర్నూలు, కడప ఇళ్లకు తగిన నిర్మాణం

టీవీకి కలిపి సినిమాలు, పాటలు, క్రికెట్ ప్రసారాలు నడిపే ఇంటి కంప్యూటర్‌ను మీడియా కంప్యూటర్ అంటారు. సినిమాలో పిడుగు పడినా, డప్పు మోగినా ఆ మంద్రధ్వనిని ఒంటికి తగిలేలా పలికించే పెద్ద స్పీకరు సబ్‌వూఫర్. సుమారు 20 నుంచి 120 హెర్ట్జ్ వరకు ఉండే శబ్దాలు దాని వంతు. ఈ రెంటినీ ఒకే పెట్టెలో ఇమిడిస్తే చిన్న హాల్లో చోటు కలిసివస్తుంది, తీగలు కనబడవు. చిక్కల్లా ఆ రెంటినీ పక్కపక్కన ఉంచడంలోనే ఉంది. స్పీకరు అదురు కంప్యూటర్‌ను చెడగొట్టకూడదు. కంప్యూటర్‌లోని విద్యుత్ రొద స్పీకర్లోకి దిగకూడదు. ఒకదాని వేడి మరొకదానికి ఎక్కకూడదు. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో వీటికి మండే ఎండ, నల్లరేగడి దుమ్ము, రాతినేలలో సరిగా కుదరని ఎర్తింగ్ తోడవుతాయి. అదే నేల ఈ పనికి పనికొచ్చే మంచి వస్తువునూ ఇచ్చింది. అది నాపబండ.

నేపథ్యం

మంద్రధ్వనికి ప్రత్యేకంగా స్పీకర్లు పెట్టడం సినిమా హాళ్లతోనే జనానికి తెలిసింది. 1974లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'ఎర్త్‌క్వేక్' కోసం యూనివర్సల్ సంస్థ 'సెన్సరౌండ్' పద్ధతిలో హాళ్లలో భారీ వూఫర్లు నిలబెట్టి, భూకంపాన్ని ప్రేక్షకుల ఒంటికి తగిలించింది. 1990లలో డాల్బీ డిజిటల్, డీటీఎస్ వచ్చాయి. 5.1 అని మనం చెప్పుకునే ధ్వనిలో చివరి ఆ పాయింట్ ఒకటి మంద్రధ్వని మార్గమే. డీవీడీలతో అది ఇళ్లలోకి దిగింది. 2002లో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీ మీడియా సెంటర్ ఎడిషన్ తెచ్చింది. ఆటల యంత్రం కోసం పుట్టి ఎక్స్‌బీఎంసీగా పేరుపడిన ఉచిత సాఫ్ట్‌వేర్ 2014లో కోడి అయింది. టీవీ పక్కన కంప్యూటర్ పెట్టుకోవడం అలా మామూలైంది.

కంప్యూటర్‌కూ సబ్‌వూఫర్‌కూ పొత్తు కుదిర్చిన పాత ప్రయత్నాల్లో 1997 నాటి ఆపిల్ ఇరవయ్యో వార్షికోత్సవ మాకింటాష్ గమనించదగ్గది. బోస్ సంస్థతో కలిసి చేసిన ఆ యంత్రంలో సబ్‌వూఫర్‌ను కంప్యూటర్ ఒంట్లో పెట్టలేదు. విద్యుత్ సరఫరా యూనిట్‌తో కలిపి, నేల మీద ఉండే వేరే పెట్టెలో పెట్టారు. డిస్కు, తెర ఒకచోట, అదిరే వస్తువు మరోచోట. ఈ విభజనను మించిన సూత్రం ఈ రంగంలో ఇప్పటికీ లేదు.

అయస్కాంతం గురించి అనవసరపు భయం

ఈ మాట ఎత్తగానే చాలామంది అడిగేది వూఫర్ అయస్కాంతం హార్డ్ డిస్కును తుడిచేయదా అని. తుడిచేయదు. డిస్కు పళ్లెం మీది అయస్కాంత పూతను మార్చడానికి కావాల్సిన క్షేత్రం కొన్ని వేల ఓయిర్‌స్టెడ్లు. వూఫర్ వెనక నుంచి బయటికి వచ్చే క్షేత్రం అందులో ఏ మూలకూ రాదు, పైగా దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా పడిపోతుంది. అసలు డిస్కులో తలను అటూ ఇటూ తిప్పే భాగంలోనే బలమైన నియోడిమియం అయస్కాంతాలు ఉంటాయి. స్పీకరు పనిచేసే సూత్రమే దానిదీ.

ఈ భయం పాత పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో పుట్టింది. టీవీ పక్కన స్పీకరు పెడితే తెర మూలల్లో ఆకుపచ్చ, ఊదా మచ్చలు పడేవి. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ తెరలకు ఆ బాధ లేదు. ఇంట్లో ఇంకా ట్యూబు టీవీ ఉన్నవాళ్లు అయస్కాంతం వెనక ఉక్కు కప్పు ఉన్న వూఫర్ తీసుకుంటే సరిపోతుంది. పాత క్యాసెట్లు, ఏటీఎం కార్డులు మాత్రం ఆ అరలో పెట్టకూడదు.

అసలు శత్రువు అదురు

చప్పుడుకు హార్డ్ డిస్కులు దెబ్బతింటాయన్నది ఊహ కాదు. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీరు బ్రెండన్ గ్రెగ్ డిస్కుల వరుస ముందు నిలబడి గట్టిగా అరిచి, ఆ క్షణంలో వాటి స్పందన ఆలస్యం కావడాన్ని గ్రాఫులో చూపించాడు. 2016 సెప్టెంబరులో బుకారెస్ట్‌లోని ఐఎన్‌జీ బ్యాంకు డేటా కేంద్రంలో మంటలార్పే వ్యవస్థను పరీక్షించారు. వాయువు ఒక్కసారిగా విడుదలైనప్పుడు పుట్టిన చప్పుడుకే డిస్కులు చెడిపోయి, బ్యాంకు సేవలు గంటల తరబడి ఆగిపోయాయి. 2022లో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ ఇంకో పాత ఉదంతం బయటపెట్టాడు. జానెట్ జాక్సన్ పాడిన 'రిథమ్ నేషన్' పాట పెడితే కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆగిపోయేవి. పక్కన ఉన్న మరో ల్యాప్‌టాప్ కూడా ఆగిపోయేది. ఆ పాటలోని ఒక స్వరం 5400 ఆర్‌పీఎం డిస్కు సహజ పౌనఃపున్యంతో కలవడమే కారణం. తయారీదారు ఆ స్వరాన్ని వడగట్టే ఫిల్టర్‌ను ధ్వని మార్గంలో పెట్టి గండం గట్టెక్కాడు.

డిస్కు మీద ఒక ట్రాకుకూ ఇంకో ట్రాకుకూ మధ్య దూరం నేడు 100 నానోమీటర్ల లోపే. తల ఆ గీత మీద నిలబడి రాయాలి. అందులో కొంచెం తొణికినా రాత ఆగిపోతుంది, డిస్కు మళ్లీ ప్రయత్నిస్తుంది, సినిమా తెర మీద బిగుసుకుపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, పెట్టె కట్టేవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. డిస్కులోని నియంత్రణ వలయం నెమ్మదైన కదలికలను బాగానే సరిదిద్దుకుంటుంది. 40, 50 హెర్ట్జ్ శుద్ధస్వరం దానికి పెద్ద గండం కాదు. 2018లో మిషిగన్, జెజియాంగ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 'బ్లూ నోట్' పేరుతో చేసిన అధ్యయనం డిస్కులను బాగా ఇబ్బంది పెట్టేవి కొన్ని వందల హెర్ట్జ్ నుంచి కొన్ని వేల హెర్ట్జ్ దాకా ఉండే శబ్దాలని చూపింది. మరి సబ్‌వూఫర్ వల్ల డిస్కుకు హాని ఎలా? వూఫర్ నేరుగా పలికే స్వరం కన్నా, దానికి అదిరి గలగలలాడే రేకు, వదులు మర మేకు, సరిగా మూయని తలుపు పుట్టించే పైస్వరాలే డిస్కును పట్టుకుంటాయి. కాబట్టి బాస్ తగ్గించడం కన్నా ముందు పెట్టెలో గలగల లేకుండా చూడాలి. 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా స్వరాన్ని మెల్లగా పెంచుతూ పలకల మీద అరచేయి ఆనించి వెతికితే అదిరే చోటు దొరికిపోతుంది. అక్కడ ఊలు గుడ్డో, ఫెల్టో అతికించాలి. ఇదే పరీక్షలో పక్క అల్మారాలోని స్టీలు సామాన్లు మోగితే ఆ లోపం పెట్టెది కాదు. సామాన్లను గోడకు ఎడంగా సర్దుకోవాలి.

ఇక అదురు ఎంత? కదిలే భాగం 50 గ్రాములున్న వూఫర్ 40 హెర్ట్జ్ వద్ద మధ్యస్థానం నుంచి అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల చొప్పున కదులుతోందనుకుందాం. ఆ కదలికకు ప్రతిచర్యగా పెట్టెను తోసే బలం గరిష్ఠంగా 16 న్యూటన్లకు దగ్గరగా వస్తుంది. పెట్టె బరువు 10 కిలోలైతే దాని త్వరణం గురుత్వ త్వరణంలో ఆరో వంతు. డిస్కు ఉన్న పెట్టెకు ఇది చాలా ఎక్కువ.

దీనికి మందు బరువే. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల బండలు, కడప జిల్లాలోని నాపరాళ్లు భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అని పిలిచే పొర నుంచి వస్తాయి. ఆ పేరు కడప జిల్లాలోని నార్జి ఊరిది. ఘన సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాముల సాంద్రత. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, రెండున్నర మందం ఉన్న ఒక్క బండ 16 కిలోలు తూగుతుంది. పది కిలోల పెట్టె అడుగున దాన్ని బిగిస్తే మొత్తం 26 కిలోలు అవుతుంది, అదురు మూడింట ఒక వంతుకు కాస్త పైన దిగుతుంది. నేల పరచగా మిగిలిన ముక్కలు దాదాపు ప్రతి ఇంటి పెరట్లోనూ దొరికే సీమలో ఇంత చవకైన ఉపాయం మరొకటి లేదు.

అయితే బండ మీద పెట్టెను ఊరికే కూర్చోబెడితే లాభం లేదు, రెండూ ఒకదాని మీద ఒకటి గిలకలాడతాయి. కొంచెం సాగే జిగురుతో పూర్తిగా అతికించాలి. బండ ఎంచుకునేటప్పుడు తట్టి చూడాలి. ఖంగుమంటే పగుళ్లు లేనట్టు. ఆ ఖంగు ధ్వనిలోనే దాని లోపమూ ఉంది. పలచని నాపబండను పక్కగోడలుగా వాడితే అది కూడా మోగుతుంది. పక్కలకు ప్లైవుడ్డు లేదా ఎండీఎఫ్, అడుగుకు రాయి అన్నదే సరైన పంపకం.

బరువు పెంచకుండా అదురును అక్కడికక్కడే చంపే మార్గం ఇంకోటి ఉంది. ఒకే రకం వూఫర్లు రెంటిని ఎదురెదురు పక్కల్లో బిగించి, రెండూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదిలేలా కలిపితే వాటి ప్రతిచర్యలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఆపిల్ 2019 నాటి 16 అంగుళాల మాక్‌బుక్ ప్రోలో వాడింది ఈ సూత్రాన్నే. చిన్న వూఫర్లు రెండు కొనే స్తోమత ఉన్నవాళ్లకు పెద్దది ఒకటి కొనడం కన్నా ఇది మేలు.

పై అరలో కంప్యూటర్ కింద పెట్టే రబ్బరు దిమ్మెల విషయంలోనూ లెక్క ఉంది. బరువుకు దిమ్మె ఒక మిల్లీమీటరు నలిగితే ఆ అమరిక సహజ పౌనఃపున్యం దాదాపు 16 హెర్ట్జ్. ఒకటిన్నర మిల్లీమీటర్లు నలిగితే 13 హెర్ట్జ్, అప్పుడే 40 హెర్ట్జ్ అదురు పైకి పోకుండా బాగా ఆగుతుంది. గట్టి రబ్బరు 0.2 మిల్లీమీటర్లే నలిగితే అది 35 హెర్ట్జ్ దగ్గర కూర్చుని, ఆపాల్సిన అదురునే పెంచుతుంది. ఎండకు రబ్బరు గట్టిపడుతుంది గనుక ఏటా వేసవి పోయాక దిమ్మెలు నొక్కి చూడాలి. ఇవన్నీ హార్డ్ డిస్కు ఉన్నవాళ్లకు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎస్‌ఎస్‌డీలో పెట్టి, సినిమాల పెద్ద డిస్కును ఇంకో గదిలో నెట్‌వర్క్ మీద పెట్టుకుంటే ఈ భాగంలో సగం బెంగ తీరుతుంది, ఎందుకంటే ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు.

ఒకే పెట్టె, రెండు అరలు

సబ్‌వూఫర్ అరకూ కంప్యూటర్ అరకూ మధ్య గాలి కూడా దూరని అడ్డుగోడ ఉండాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు. వూఫర్ వెనక గాలి ఒక స్ప్రింగులా పనిచేస్తుంది. ఆ గాలి ఫ్యాను కన్నాల్లోంచి తప్పించుకుంటే బాస్ ఉండదు, ఫ్యాన్ల దగ్గర ఈల మాత్రం ఉంటుంది. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ అడ్డుపలక, కీళ్లకు లోపల సిలికాన్, తీగ దూరే రంధ్రానికి రబ్బరు బిరడా ఉండాలి. పెట్టె బిగుతుగా ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. కరెంటు తీసేసి వూఫర్ శంకువును వేళ్లతో సమంగా, మెత్తగా నొక్కి వదలాలి. నెమ్మదిగా వెనక్కి వస్తే బిగుతు బాగున్నట్టు. అనుమానం ఉంటే 30 హెర్ట్జ్ స్వరం పెట్టి కీళ్ల వెంట అగరుబత్తి తిప్పాలి. పొగ వణికిన చోట సందు ఉంది.

మూసిన పెట్టె మేలా, గొట్టం ఉన్న బాస్ రిఫ్లెక్స్ పెట్టె మేలా అన్నది పాత వాదం. మూసిన పెట్టె పద్ధతిని ఎడ్గర్ విల్చర్ 1954లో ఏఆర్-1 స్పీకరుతో స్థిరపరిచాడు. గొట్టం పెట్టెలకు లెక్క కట్టే దారి ఆస్ట్రేలియా ఇంజినీరు నెవిల్ థీల్ 1961లో చూపాడు, 1970లలో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. నేడు ప్రతి మంచి వూఫర్‌తోనూ ఇచ్చే థీల్-స్మాల్ కొలతలు వీళ్లవే. గొట్టం పెట్టె అదే శక్తికి ఎక్కువ బాస్ ఇస్తుంది. కానీ గొట్టంలోంచి గాలి లోపలికీ బయటికీ ఊపిరి తీసినట్టు ఆడుతుంది, దాంతో దుమ్మూ లోపలికి పోతుంది. ఎండాకాలం గాలిదుమారం లేచే కోడుమూరు, ఆదోని, ప్రొద్దుటూరు వైపు ఇళ్లలో వూఫర్ కాయిలు సందులోకి నల్లమట్టి చేరితే శంకువు గీరుకుని పాడవుతుంది. అందుకే ఈ ప్రాంతానికి మూసిన పెట్టెనే ఎంచుకోవాలి. 8 అంగుళాల వూఫర్లలో చాలావాటికి 20 నుంచి 30 లీటర్ల గాలి సరిపోతుంది. కచ్చితమైన లెక్క మాత్రం ఆ వూఫర్ కొలతల కాగితం మీదే ఉంటుంది. పెట్టె చిన్నది కావాలి, బాస్ లోతుగా ఉండాలి, శక్తి తక్కువ పట్టాలి అంటే మూడూ కలిసి దొరకవు. కేఎల్‌హెచ్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరు మీద చెప్పుకునే నియమం ఇది.

వేసవిలో కర్నూలు, కడపల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలు. మూసిన చెక్క అరలో అది ఇంకో పది, పదిహేను డిగ్రీలు పెరుగుతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల పెంపుకూ సగానికి సగం పడిపోతుంది. కాబట్టి యాంప్లిఫయర్‌ను సబ్‌వూఫర్ అరలో మూసిపెట్టకూడదు. కంప్యూటర్ అరకు కింది ముందుభాగం నుంచి చల్లగాలి లోపలికి, పై వెనకభాగం నుంచి వేడిగాలి బయటికి పోయే దారి ఉండాలి. లోపలికి వచ్చే దారిలో కడిగి పెట్టుకునే జాలీ ఫిల్టర్ తప్పనిసరి. క్లాస్ డి యాంప్లిఫయర్ పాత క్లాస్ ఏబీ రకం కన్నా చాలా తక్కువ వేడి పుట్టిస్తుంది, ఈ ఎండల్లో అదే మేలు. చెదల బెడదకు అడుగున ఉన్న రాయి కొంత అడ్డం, గోడకు ఆనించకపోవడం ఇంకొంత.

కరెంటు రొద

'గుయ్' మని ఆగకుండా వినబడే హమ్ ఈ పెట్టెల మీద వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది. మన కరెంటు 50 హెర్ట్జ్, సబ్‌వూఫర్ పలికేదీ ఆ పరిధిలోనే. అందుకే మామూలు స్పీకర్లో వినబడని హమ్ ఇక్కడ బాగా వినబడుతుంది. టీవీ ఒక సాకెట్ నుంచి, కంప్యూటర్ ఇంకో గది సాకెట్ నుంచి, పైగా మిద్దె మీది డిష్ కేబులు కూడా కలిస్తే, ఎర్త్ తీగలు ఒక వలయంగా మారి ఆ వలయంలో కరెంటు తిరుగుతుంది. అన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోవడం మొదటి చికిత్స. ఈ ఒక్క విషయంలో ఒకే పెట్టె పద్ధతికి పైచేయి ఉంది. యాంప్లిఫయర్, కంప్యూటర్ పక్కపక్కనే ఒకే ఎర్త్ బిందువుకు చేరతాయి, తీగ పొట్టి, వలయం చిన్నది. టీవీ వరకు ధ్వనిని ఆప్టికల్ కేబులుతో పంపితే అందులో పారేది వెలుగే గనుక ఆ దారిలో ఎర్త్ కలవదు. డిష్ కేబులు వల్లే హమ్ వస్తోందా అన్నది ఆ కేబులు ఒక్కటీ పీకి చూస్తే తెలిసిపోతుంది.

రాతినేల, ఎండిన నేల విద్యుత్తును సరిగా పోనివ్వవు. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు పొరలు వేయడం, వేసవిలో నీళ్లు పోయడం ఇక్కడి పాత అలవాటు. ఎర్తింగ్ ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 3043. ఇంటి ఎర్త్ నీరసంగా ఉంటే కంప్యూటర్ విద్యుత్ సరఫరాలోని ఫిల్టర్ తన రొదను పంపడానికి చోటుండదు, లోహపు పెట్టె ముట్టుకుంటే చిమచిమమంటుంది. ఆ రొద యాంప్లిఫయర్ లోపలికి చేరుతుంది. కరెంటు పోయినప్పుడు నడిపే చవక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు ఇంకో మూలం, సైన్ వేవ్ రకమైతే ఆ గొడవ లేదు.

యాంప్లిఫయర్‌కు కంప్యూటర్ సరఫరాలోని 12 వోల్టుల తీగను వాడుకుందామన్న ఆశ చాలామందికి పుడుతుంది. పాట ఊపందుకున్నప్పుడు 100 వాట్ల యాంప్లిఫయర్ అక్కడి నుంచి ఒక్కసారిగా 8 ఆంపియర్ల పైనే లాగుతుంది, కంప్యూటర్ తడబడుతుంది. గ్రాఫిక్స్ కార్డు లాగే కరెంటు ఎగుడుదిగుళ్లు తిరిగి స్పీకర్లో వినబడతాయి. యాంప్లిఫయర్‌కు సొంత సరఫరా ఉండాలి.

రేడియో వినే ఇళ్లలో ఇంకో సంగతి చూసుకోవాలి. క్లాస్ డి యాంప్లిఫయర్లు చాలావరకు 300 నుంచి 600 కిలోహెర్ట్జ్ మధ్య స్విచ్ అవుతాయి. 300 కిలోహెర్ట్జ్ యాంప్లిఫయర్ మూడో గుణిజం సరిగ్గా 900 దగ్గర పడుతుంది. ఆకాశవాణి కడప కేంద్రం మీడియం వేవ్‌లో వినబడేది అక్కడే. పక్కగదిలో పొలం కబుర్లు వినేవాళ్ల రేడియో ఊరికే బుసకొడుతోందంటే నిందితుడు ఈ పెట్టే కావచ్చు. స్పీకరు తీగలు రెంటినీ మెలివేసి, పొట్టిగా ఉంచి, ఫెర్రైట్ ఉంగరం తొడిగితే చాలావరకు తగ్గుతుంది. చెక్క పెట్టె రేడియో తరంగాలను ఆపదు. కాబట్టి మదర్‌బోర్డును చెక్క అరలో విడిగా బిగించకుండా దాని ఉక్కు కేసుతో సహా పెట్టాలి, వైఫై యాంటెన్నా మాత్రం బయటికి తీయాలి. కీప్యాడ్ ఫోను దగ్గర పెట్టినప్పుడు వచ్చే 'టిడిక్ టిడిక్' చప్పుడు 2జీ సంకేతం సెకనుకు సుమారు 217 సార్లు కొట్టుకోవడం వల్ల పుట్టేది. ఫోను పెట్టె మీద పెట్టకపోవడమే దానికి మందు.

గది

పది అడుగుల ఎత్తున్న పది పన్నెండు అడుగుల గదిలో ఎత్తు, వెడల్పు ఒకటే కావడంతో రెండు దిశల ప్రతిధ్వనులు 56 హెర్ట్జ్ దగ్గర కలిసిపోతాయి. ఎంత మంచి సబ్‌వూఫర్ పెట్టినా ఆ ఒక్క స్వరం బొంగురుగా ఊగుతుంది. పెట్టెను మూల నుంచి రెండు, మూడు అడుగులు జరిపితే తేడా తెలుస్తుంది. దళసరి రాతిగోడల పాత మిద్దెలు బాస్‌ను బయటికి అంతగా పోనివ్వవు, కొత్త ఇటుక గోడల అపార్ట్‌మెంట్లలో అది పక్కింటికి పోతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. ఆ కొలత పద్ధతి మంద్రధ్వనిని తక్కువ చేసి చూపుతుంది. మీటరు ఒప్పుకున్నంత మాత్రాన పక్కింటివాళ్లకు నిద్ర పడుతుందనుకోకూడదు.

గాలి దూరని అడ్డుగోడ, అడుగున అతికించిన బండ, ఎస్‌ఎస్‌డీ, విడి విద్యుత్ సరఫరా సమకూర్చుకోగలిగినవాళ్లే సబ్‌వూఫర్‌ను కంప్యూటర్ పెట్టెలో కట్టుకోవాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా దాన్ని విడిగా నేల మీద పెట్టుకోవడమే మంచిది. హమ్ పోతుందని ప్లగ్గు మూడో పిన్ను పీకేసి నడిపేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ పిన్ను ఉన్నది శబ్దం కోసం కాదు, ప్రాణం కోసం. తీసేసి ఉంటే ఇవాళే తిరిగి బిగించండి.